కొబ్బరినీళ్లు తాగిన సర్వర్

సర్వర్ ప్రాణం పోయే క్షణంలో హేమనళిని నవ్వుతూ ఉంది.

నవ్వడానికి కారణం ఉంది. ఆ పొద్దున్నే ఆమె చేతికి బదిలీ ఆర్డరు వచ్చింది. నాగూరుపేట జిల్లా విత్తన సమాచార కేంద్రంలో సిస్టమ్ అసిస్టెంటుగా ఉన్న ఆమెను నెల్లూరు కేంద్రానికి మార్చారు. నెల్లూరులో ఆమె భర్త ఉన్నాడు. పేరు ఉదయభాస్కర్, పాలిటెక్నిక్‌లో లెక్చరరు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన అక్కడ, ఈవిడ ఇక్కడ. మధ్యలో రాజమండ్రి. ఆదివారం వస్తే చెరొక వైపు నుంచీ బండెక్కి రాజమండ్రి స్టేషన్లో దిగేవాళ్లు. ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ, డబ్బాలో పులిహోర, సాయంత్రం ఎవరి బండి వాళ్లది. వాళ్ల కాపురం మొత్తం రైల్వే వారి ఆస్తి మీదే జరిగింది. టీ స్టాలు అతను కూడా ఇంటిమనిషై, "అయ్యగారి బండి గంట లేటమ్మా, కూర్చోండి" అని బెంచీ తుడిచేవాడు.

ఇక ఆ బెంచీతో పని లేదు. అందుకే నవ్వు.

ఆ రోజు ఏరువాక పున్నమి. రైతులు నాగలికి పసుపు రాసి, ఎడ్లకు బొట్టు పెట్టి, దుక్కి మొదలుపెట్టే రోజు. రైతుకు సంబంధించిన ఆఫీసు కాబట్టి తామూ ఏదో ఒకటి చెయ్యాలని రాజధానిలో ఒక పెద్దాయనకు తోచింది. తోచిన వెంటనే సర్క్యులరు వచ్చింది.

"రైతునకు నాగలి యెట్టిదో శాఖకు సర్వర్ అట్టిది. కావున ఈ యేడాది నుండి డిజిటల్ ఏరువాక జరుపవలెను. ప్రతి జిల్లా కేంద్రమందును సర్వర్‌కు పూజ చేసి, కొబ్బరికాయ కొట్టుచున్న ఫొటోను మధ్యాహ్నములోగా పంపవలెను."

ఏ రైతుకు ఏ విత్తనం ఎన్ని బస్తాలు రాయితీ మీద ఇవ్వాలో లెక్కగట్టి, చీటీలు అచ్చువేసే పెద్ద కంప్యూటర్ ఆ సర్వర్. దాని నెత్తిన పసుపు, నడుముకి బంతిపూల దండ. డిప్యూటీ డైరెక్టరు దండపాణి గారు పట్టుపంచెతో వచ్చారు.

"సార్, కొబ్బరికాయ గుమ్మం దగ్గర కొడదామండీ" అంది నళిని.

"అమ్మా, పూజ గుమ్మానికా, సర్వర్‌కా?"

"సర్వర్‌కే. కానీ అది కరెంటు మీద..."

"ఫొటోలో రెండూ కనబడాలి. కాయా, సర్వరూ. గుమ్మం ఫొటో పంపిస్తే గుమ్మానికి రాయితీ చీటీలు అచ్చువేసే శక్తి ఉందా అని పైవాళ్లు అడుగుతారు."

ఆయన సర్వర్ బీరువా ఇనుప అంచుకేసి కాయ కొట్టారు. మంచి కాయ. నీళ్లు బాగా ఉన్నాయి. టప్‌మని ఒక చప్పుడు, చిన్న పొగ, పచ్చ దీపం ఆరిపోయింది.

ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది.

మధ్యాహ్నం పంపిన నివేదికలో దండపాణి గారు ఇలా రాయించారు: "పూజ దిగ్విజయముగా జరిగినది. పూజానంతరము సర్వర్ విశ్రాంతి తీసుకొనుచున్నది."

* * *

"రిలీవ్ చెయ్యండి సార్" అని నళిని బదిలీ ఆర్డరు బల్ల మీద పెట్టింది.

"తప్పకుండా. దంపతులు కలిసుండాలన్నది ప్రభుత్వ విధానం" అన్నారు దండపాణి గారు కళ్లజోడు తుడుచుకుంటూ. "అయితే ఛార్జి అప్పగించాలి కదమ్మా. నీ ఛార్జిలో ఏముంది? 'పనిచేయు స్థితిలో సర్వర్ ఒకటి.' అది అప్పగించు, సంతోషంగా వెళ్లు."

"దాన్ని చంపింది నేను కాదు కదండీ!"

"ఎవరూ చంపలేదు. విశ్రాంతిలో ఉంది. విశ్రాంతిలో ఉన్నదాన్ని పనిచేయు స్థితి అనలేం."

నెలాఖరులోగా నెల్లూరులో చేరకపోతే ఆ ఖాళీ వరుసలో తర్వాతి వాళ్లకు పోతుంది. మళ్లీ రాజమండ్రి బెంచీ. నళిని స్క్రూడ్రైవరు తీసుకుని సర్వర్ మూత విప్పింది. అదృష్టం. లోపలంతా క్షేమం. కొబ్బరినీళ్లు తాగింది ఒక్క పవర్ సప్లై మాత్రమే. కరెంటును సర్వర్‌కు అందించే ఇటుకంత ఇనుప డబ్బా. అదొక్కటి మారిస్తే చాలు.

ఇంకా పెద్ద అదృష్టం. అచ్చం అలాంటి డబ్బా అదే ఆఫీసులో, వరండా చివర, కండెమ్ గదిలో ఉంది.

కండెమ్ గది అంటే పనికిరానివని కాగితం రాసిన వస్తువులను వేలం దాకా పడేసే గది. దాని తాళంచెవి స్టోర్స్ సూపరింటెండెంటు వరహాలయ్య మొలతాడుకు ఉంటుంది. ఆయన ఆయుధాలు రెండు: తెల్లరంగు డబ్బా, సన్న కుంచె. ఆఫీసుకు చెందిన ప్రతిదాని మీదా నంబరు వేస్తాడు. కుర్చీకో నంబరు, కుర్చీ చేతులకు వేరే నంబర్లు. మంచినీళ్ల కుండకు, దాని మూతకు, మూత మీది గ్లాసుకు తలొక నంబరు. ఒకసారి కొత్తగా చేరిన పిల్లి స్టోరు వైపు వస్తే ఆయన కుంచె తీశాడనీ, పిల్లి సంగతి గ్రహించి గోడ దూకి వెళ్లిపోయిందనీ ఆఫీసులో చెప్పుకుంటారు. సర్వర్లనూ వదల్లేదు. మూతలు విప్పించి లోపలి భాగాలన్నిటికీ నంబర్లు వేశాడు.

"పోయినేడు పక్కన పెట్టిన పాత సర్వర్ ఉంది కదండీ, దాని పవర్ సప్లై ఇప్పించండి. పావుగంటలో పని అయిపోతుంది" అంది నళిని.

"అది కండెమ్ అయిందమ్మా."

"గడువు తీరిందని కండెమ్ చేశాం గానీ బాగానే ఉందండీ. ఆ రోజు దాన్ని ఆపింది నేనే."

వరహాలయ్య గబుక్కున లేచి తలుపు దగ్గరికి వేశాడు. "ఆ మాట గట్టిగా అనకు తల్లీ! 'ఇందలి ఏ భాగమును దేనికిని పనికిరాదు' అని సార్ సంతకం చేశారు. ఇప్పుడు నువ్వు అందులోంచి ఒక భాగం తీశావు, అది పనికొచ్చింది. సార్ అబద్ధం రాసినట్టా, కాదా?"

"పోనీ పనికిరాలేదనుకోండి?"

"పనికిరానిది నీకెందుకమ్మా?"

నళిని ఆయన మొలతాడుకున్న తాళంచెవి వైపు చూసింది.

"కండెమ్ గదికి ఒకటే దారి" అన్నాడు వరహాలయ్య జాలిగా. "లోపలికి. బయటికి రావాలంటే వేలం. నా సర్వీసులో ఇంతవరకూ ఆ గదిలోంచి చీపురు పుల్ల కూడా తిరిగి రాలేదు."

* * *

మర్నాడు కొనుగోలు సంఘం సమావేశం. సంఘమంటే అధ్యక్షులు దండపాణి గారు, సభ్యుడు వరహాలయ్య. నళిని సాంకేతిక సలహాదారు, అంటే ఫ్యాను వేసే మనిషి.

దండపాణి గారు గొంతు సవరించుకుని కొత్త ఉత్తర్వు చదివారు. దాని పేరు మహానగరేతర అంతర్జాల సరసధరల కొనుగోలు విధానం. "విడిభాగములను ఇకపై మహానగరములందు కొనరాదు. చిన్న ఊళ్ల వర్తకులను ప్రోత్సహించవలెను. కొనుగోలు ఆన్‌లైన్‌లోనే జరుగవలెను. అందరికన్న తక్కువ ధర చెప్పినవారి వద్దనే కొనవలెను. మోసములకు తావులేకుండ కొనుగోలు సంఘము సదరు దుకాణమును స్వయముగా దర్శించి తృప్తి చెందవలెను."

"ఆన్‌లైన్ అంటే వెళ్లకుండా కొనడం కదండీ?" అంది నళిని.

"వెళ్లకుండానే కొంటాం. చూడ్డానికి వెళ్తాం. కొనడం వేరు, చూడ్డం వేరు. ఈ తేడా తెలియకే దేశం వెనకబడింది."

నళిని వెతుకులాట మొదలుపెట్టింది. రూలుకు పనికిరాకపోయినా ఆశ చావక ముందు ఒక మహానగరపు డీలరుకు ఫోన్ చేసింది. అతను మోడలు పేరు విని గొంతు తగ్గించాడు. "మేడమ్, దాని వాళ్లెవరూ బతికి లేరు. కొత్త సర్వర్ కొనుక్కోండి" అని పరామర్శ చేసి పెట్టేశాడు.

అప్పుడు చిన్న ఊళ్ల వైపు తిరిగింది. ఇంటర్నెట్ అడుగున ఒక లోకం ఉంది. పెద్ద ఊళ్లలో కంపెనీలు విసిరేసిన సర్వర్ల గుండెకాయలు, ఊపిరితిత్తులు అక్కడ అమ్మకానికి ఉన్నాయి. ఒకప్పటి టైపు మెషిన్ల మెకానిక్కు ఒకడు, కేబుల్ టీవీ వ్యాపారం పోగొట్టుకున్నవాడు ఒకడు, కూలర్లు బాగుచేసే ఆయన ఒకరు. అందరూ సరుకును మంచం మీద పూల దుప్పటి పరిచి ఫొటో తీసినవాళ్లే. ఒక ఫొటోలో మెమరీ కార్డుల పక్కన పసిపిల్ల నిద్రపోతోంది. కింద ఎవరో రాశారు: "సరుకు బాగుంది. పాప ముద్దుగా ఉంది. పార్సిల్లో కరివేపాకు రెమ్మ వచ్చింది, ఎందుకో తెలియదు."

సాయంత్రానికి ముగ్గురు తేలారు. ఒకరు ఊటీ, ఒకరు మాచర్ల. మూడో దుకాణం సూర్య సర్వర్ స్పేర్స్. దానికి ఊరి పేరు లేదు. ఆర్డరు ఖాయం చేస్తే మ్యాపులో చుక్క చూపిస్తారట.

"ఊటీ వర్తకుణ్ని ప్రోత్సహించాల్సిన అవసరం ఎంతైనా ఉంది" అన్నారు దండపాణి గారు.

"అక్కడ చలి సార్. సరుకు చల్లగా ఉండుంటుంది" అన్నాడు వరహాలయ్య. ఆయన అప్పటికే బీరువాలోంచి మంకీ క్యాప్ తీసి ఎండబెట్టాడు.

"అందరికన్నా తక్కువ సూర్యవాళ్లదండీ" అంది నళిని. "తక్కువ ధరే అని ఉత్తర్వులో ఉంది."

సంఘం నిట్టూర్చింది. కాసేపటికి దండపాణి గారి ముఖంలో వెలుగు వచ్చింది. "ఊరి పేరు చెప్పలేదంటే... ఏ కాశ్మీరో కూడా కావచ్చు కదా?"

మంకీ క్యాప్ మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు. ఆర్డరు ఖాయం చేశారు. పొద్దున్నే సంఘం జీపెక్కింది. నళిని ఫోన్ పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఫోన్‌లోని ఆడగొంతు దారి చెప్పడం మొదలుపెట్టింది. గేటు దాటగానే ఎడమకు తిరగమంది. మళ్లీ ఎడమకు తిరగమంది. మళ్లీ ఎడమకు తిరగమంది.

"మీరు గమ్యం చేరుకున్నారు" అంది.

జీపు వాళ్ల ఆఫీసు వెనక సందులో ఆగి ఉంది. ఎదురుగా పాత ఇనుప సామాన్ల కొట్టు. దాని వెనక గోడ, గోడ వెనక వాళ్ల ఆఫీసే.

సైకిల్ చక్రాల మధ్య నుంచి బనీనుతో ఒక మనిషి లేచి వచ్చాడు. "రండి బాబూ, రండి. ఏటి, ఆపీసోలంతా ఒక్కపాలే వొచ్చీసినారు?"

"సూర్య సర్వర్ స్పేర్స్?" అన్నారు దండపాణి గారు నీరసంగా.

"నానే బాబూ. సూరపరాజు. పూర్తి పేరు ఎడితే ఎవులూ కొనరని సూర్య అని ఎట్టినాను."

నళిని ఫోన్‌లో అతని ఫొటోను పెద్దది చేసి చూసింది. పూల దుప్పటి లేదు. సర్వర్ ముందు నిలువుగా నల్లటి గీతలు. కిటికీ చువ్వలు. సర్వర్ మీద తెల్లరంగు నంబరు. ఆ అంకెల వంపు ఆమెకు బాగా తెలుసు.

"సూరపరాజూ! ఇది మా కండెమ్ గది!"

"మరేటమ్మగోరూ. మీ కిటికీలోంచే తీసినాను."

"అంటే సరుకు నీ దగ్గర లేదా?"

"మీకాడుంది గదా! ఎక్కడికి పోద్ది?" అన్నాడు సూరపరాజు ఆశ్చర్యంగా. "లోపలున్నది మీవోలు ముట్టుకోరు, ఇంకోల్ని ముట్టనివ్వరు. బేంకు లాకరు కన్నా బద్రం. నాను ముందు పొటో ఎడతాను. ఎవులైనా అడిగితే మీ యేలంలో పాడుకుని అమ్మతాను. ఇన్నాళ్లకి ఒకలు అడిగినారు. సూస్తే మీరే అడిగినారు."

నళినికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ గోడ కండెమ్ గదిదే. "సార్, వస్తువు మనది. మన గదిలోనే ఉంది. ఇప్పుడైనా తాళం తీయిద్దాం."

దండపాణి గారు గంభీరంగా చెయ్యి ఎత్తారు. "తొందరపడకమ్మా. దుకాణం దర్శించామా? దర్శించాం. వర్తకుడిది చిన్న ఊరా? నాగూరుపేట మహానగరం కాదని మన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. తక్కువ ధరా? అందరికన్నా తక్కువ. విధానం అక్షరాలా నెరవేరింది. ఇక మిగిలింది, ఆ సర్వర్‌ను మనం ఇతనికి అమ్మడం, ఇతను మనకి అమ్మడం."

వరహాలయ్య దారిలోనే తలకు పెట్టుకున్న మంకీ క్యాప్ తీసి జేబులో కుక్కుకున్నాడు.

* * *

అత్యవసర వేలం పెట్టారు. పాడటానికి వచ్చినవాడు సూరపరాజు ఒక్కడే. తనతో తాను పోటీ పడలేక మొదటి పాటకే ఆగిపోయాడు. సర్వర్ తోపుడు బండెక్కింది.

గేటు దగ్గర నళిని బండికి అడ్డంగా నిలబడింది. చేతిలో స్క్రూడ్రైవరు. "ఇక్కడే విప్పి ఆ డబ్బా ఒక్కటి ఇచ్చెయ్యి, సూరపరాజూ. నీకు పుణ్యముంటుంది."

"ఇచ్చీనా అమ్మగోరూ. అదెంత సేపు."

"ఆగాగు!" వరహాలయ్య పరుగెత్తుకొచ్చాడు. "చేతిలో పెట్టేస్తే ఆన్‌లైన్ ఎలా అవుతుందమ్మా? పార్సిల్ రావాలి. దాని మీద చిరునామా చీటీ ఉండాలి. నేను ఆ చీటీని ఫైల్లో అతికించాలి."

బండి గోడ చుట్టూ తిరిగి వెనక సందుకు వెళ్లింది. డబ్బా పార్సిల్ అయింది. గోడకు అటు నుంచి ఇటు రావడానికి బయల్దేరిన ఆ పార్సిల్ ముందు విశాఖపట్నం వెళ్లింది. అక్కణ్నించి ఎందుకో హైదరాబాదు బయల్దేరింది. నళిని ఫోన్‌లో దాని ప్రయాణం చూస్తూ కూర్చునేది. బయట విత్తనాల చీటీల కోసం రైతులు చెట్టు నీడలో కూర్చుని ఆకాశం చూస్తున్నారు. మబ్బు పడుతోంది.

"ఎక్కడిదాకా వచ్చింది?" అని ఉదయభాస్కర్ ఫోన్ చేశాడు.

"రాజమండ్రి దాటిందటండీ."

"మన బెంచీ ముందు నుంచే పోయుంటుంది" అన్నాడాయన. "నళినీ, నేనిక్కడ ఇల్లు చూశాను. వంటగది కిటికీలోంచి జామచెట్టు కనిపిస్తుంది. ఇంటివాళ్లు నెలాఖరు దాకా ఆగుతామన్నారు."

"నెలాఖరుకి వచ్చేస్తాను."

"నువ్వా, ఆ డబ్బానా?"



పార్సిల్ హైదరాబాదులో ఒక రాత్రి ఉందని తెలిసి సంఘం ఆందోళన చెందింది. హైదరాబాదు మహానగరం. మహానగరంలో బస చేసిన వస్తువు మహానగరేతరమా, కాదా? ఒక పూట చర్చ జరిగింది. చివరికి దండపాణి గారు తీర్పు ఇచ్చారు: "ప్రయాణం వేరు, నివాసం వేరు. మనం తిరుపతి వెళ్లొస్తే తిరుపతి వాళ్లం అయిపోతామా?"

నెలాఖరుకు ముందురోజు పొద్దున పార్సిల్ వచ్చింది.

నళిని గబగబా అట్టపెట్టె కోసింది. ఇటుకంత డబ్బా. కొంచెం దుమ్ము. అంతా బాగుంది. పట్టుకుని సర్వర్ వైపు ఒక్క అడుగు వేసింది.

"ఆగమ్మా" అన్నాడు వరహాలయ్య.

ఆయన కుంచె, తెల్లరంగు పట్టుకుని వచ్చాడు. కొత్తగా కొన్న వస్తువుకు నంబరు వెయ్యాలి కదా. డబ్బాను తిప్పి చూశాడు. కుంచె గాలిలోనే ఆగిపోయింది. డబ్బా మీద అప్పటికే ఒక నంబరు ఉంది. ఆయన స్వహస్తంతో, ఆయన రంగుతో వేసింది.

"ఇది... నా నంబరు."

"మీదేనండీ. మనదే కదండీ అది. మనమే అమ్మాం, మనమే కొన్నాం. దాని మీదే కొత్త నంబరు వేసెయ్యండి."

"వేసిన నంబరు చెరపడమా?" వరహాలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "తల్లీ, ఒక వస్తువుకు ఒకటే నంబరు. ఈ నంబరు స్టాకులో ఉందా? లేదు. ఎక్కడుంది? కండెమ్‌లో. ఈ నంబరున్న వస్తువు ఎక్కడుండాలి?"

నళిని చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండీ..."

"నాకూ బాధగానే ఉంది" అంటూ ఆయన డబ్బాను రెండు చేతులా ఎత్తుకుని, వరండా చివరికి నడిచి, మొలతాడు నుంచి చెవి తీసి, తలుపు తెరిచి, లోపల పెట్టి, తాళం వేశాడు.

మహానగరేతర మార్గంలో విశాఖ, హైదరాబాదు, రాజమండ్రి చుట్టివచ్చిన పవర్ సప్లై బయల్దేరిన గదిలోకే చేరింది.

* * *

నళిని వరండా మెట్ల మీద కూర్చుంది. రేపు సాయంత్రంలోగా నెల్లూరులో సంతకం పెట్టాలి. అంటే ఈ రాత్రి బండి పట్టుకోవాలి. ఏడుపు వచ్చింది. ఏడవడానికి ముందు ఒక్కసారి తాళం వైపు చూసింది. కండెమ్ గదికి ఒకటే దారి అన్న మాట గుర్తొచ్చింది.

లోపలికి.

చప్పున లేచింది. "వరహాలయ్య గారూ, ఆ గదిలోంచి ఏదీ బయటికి రాకూడదు. బాగుంది. లోపలికి ఏదైనా వెళ్లొచ్చా?"

"కండెమ్ కాగితం ఉంటే నిక్షేపంగా వెళ్లొచ్చు."

"లోపలికి వెళ్లిన వస్తువు పనిచెయ్యకూడదని ఎక్కడైనా ఉందా?"

వరహాలయ్య కండెమ్ రిజిస్టరు తెరిచి గడులన్నిటి మీదా వేలు నడిపాడు. "వస్తువు పేరు, నంబరు, తేదీ. ఇవి రాయడానికే గడులున్నాయమ్మా. లోపల అది ఏం చేస్తోందో రాయడానికి గడి లేదు. గడి లేనిది నేనెలా పట్టించుకుంటాను?"

నళిని దండపాణి గారి గదిలోకి దూసుకుపోయింది. "సార్, మన సర్వర్‌ను కండెమ్ చేద్దాం."

ఆయన ముఖం విప్పారింది. కొనడానికి సంఘం కావాలి, దర్శనం కావాలి, పార్సిల్ కావాలి. కండెమ్ చెయ్యడానికి ఒక్క సంతకం చాలు. పైగా కొబ్బరికాయ సంగతి దాంతోనే సమాధి అయిపోతుంది. "కారణం ఏమని రాద్దాం?"

"సేవ చాలించినది అని రాయండి."

"'పవిత్ర దినమున సేవ చాలించినది' అని రాద్దాం" అన్నారు దండపాణి గారు, కళ్లు చెమ్మగిల్లగా.

కాగితం మీద సిరా ఆరకముందే నలుగురు కలిసి సర్వర్‌ను మోసుకెళ్లి కండెమ్ గదిలో దించారు. నళిని వెనకే వెళ్లింది. కాలిపోయిన డబ్బా తీసి, ఊళ్లు తిరిగొచ్చిన డబ్బా బిగించింది. గదిలో బల్బు కోసం పెట్టిన ప్లగ్గు ఉంది. చీటీలు అచ్చువేసే ప్రింటరు వైరును సూరపరాజు ఫొటో తీసిన కిటికీ చువ్వల్లోంచి లోపలికి లాగింది. స్విచ్ వేసింది.

పచ్చ దీపం వెలిగింది. ముందు గదిలో ప్రింటరు కీచుమంది. మొదటి చీటీ బయటికి వచ్చింది. చెట్టు కింద రైతులు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

నళిని ఛార్జి కాగితం రాసింది: "సర్వర్లు: లేవు." వరహాలయ్య అంత ఆనందంగా సంతకం పెట్టడం ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. లేని వస్తువుకు నంబరు వెయ్యక్కర్లేదు, లెక్క తప్పేది అంతకన్నా లేదు.

దండపాణి గారు వరండాలో నిలబడి కిటికీలోంచి వస్తున్న వైరును తదేకంగా చూశారు. "అమ్మా నళినీ, మనకు సర్వర్ ఉందా?"

"లేదండీ."

"పని జరుగుతోందా?"

"జరుగుతోందండీ."

"సర్వర్ ఎక్కడుందో తెలియకుండా పని జరగడాన్ని ఏదో అంటారు. పోయిన శిక్షణలో చెప్పారు. క్లౌడ్!" ఆయన ఆకాశం వైపు చూశారు. వాన చినుకు ముక్కు మీద పడింది. "రాష్ట్రంలో క్లౌడ్‌కు మారిన మొదటి జిల్లా మనదే! పైకి ఇప్పుడే రాయిస్తాను. నువ్వు వెళ్లిరా తల్లీ, పిల్లాపాపలతో చల్లగా ఉండు."

ఆ రాత్రి బండి రాజమండ్రిలో ఆగినప్పుడు నళిని దిగలేదు. కిటికీలోంచి బెంచీ కనిపించింది. దాని మీద ఎవరో కాళ్లు చాపుకుని పడుకున్నారు. టీ స్టాలు అతను ఆమెను చూసి పరుగెత్తుకొచ్చి కప్పు అందించాడు. "దిగరా అమ్మా?"

"లేదు. ఇంటికి వెళ్తున్నాను."

* * *

నెల్లూరు కేంద్రం అధిపతి ఆమెకు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "నాగూరుపేట నుంచే కదమ్మా? నీ గురించే అనుకుంటున్నాం. మీ మోడల్ రాష్ట్రమంతా పెట్టమని రాత్రే ఉత్తర్వు వచ్చింది. క్లౌడ్! చాలా మంచి ఆలోచన. పొద్దున్నే మేం కూడా మా సర్వర్‌ను కండెమ్ చేసేశాం."

నళిని చేతిలో సంచి జారింది. "ఎక్కడుందండీ గది?"

"గదా? మాకు గది లేదమ్మా. మా దగ్గర పని వేగం ఎక్కువ. వెంటనే వేలం వేసేశాం. ఎవరో ఆన్‌లైన్‌లో పాడుకున్నాడు. చిన్న ఊరివాడే, విధానం ప్రకారమే. సూర్య ఏదో."

"సరేనండీ" అంది నళిని, ఊపిరి బిగబట్టి. "నన్ను చేర్చుకున్నట్టు రాయండి. ఈరోజే ఆఖరు."

"రాయాలంటే సిస్టమ్‌లో ఎక్కించాలమ్మా. సిస్టమ్‌కి సర్వర్ కావాలి కదా." ఆయన ఆప్యాయంగా నవ్వాడు. "కంగారుపడకు. నాగూరుపేటలో నీ పేరు తీసేశారు, ఇక్కడ ఇంకా ఎక్కలేదు. మధ్యలో ఉన్నట్టు లెక్క. ఆ వరుసలో తర్వాతివాళ్ల పేరైనా ఎలా ఎక్కుతుంది? కాబట్టి నీ చోటు భద్రం. కూర్చుని పని చూసుకో. ముందు ఆ సర్వర్ సంగతి చూడాలి. చవకగా విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో నీకు బాగా తెలుసట కదా?"

సాయంత్రం ఉదయభాస్కర్ ఆఫీసు బయట స్కూటరు మీద కాచుకుని ఉన్నాడు. హ్యాండిల్‌కు సంచి, అందులో జామకాయలు.

"చేరిపోయావా?"

"తెలియదండీ." నళిని వెనక సీటెక్కి కూర్చుంది. "అక్కడ లేను. ఇక్కడా లేను. రాష్ట్రంలో ఏ కాగితం మీదా నేను లేను. కానీ పొద్దున్నించీ పనిచేస్తున్నాను."

ఆయన స్కూటరు స్టార్ట్ చేశాడు.

"క్లౌడ్ అన్నమాట."

"మాట్లాడకుండా పోనివ్వండి" అంది నళిని, ఆయన భుజం మీద చెయ్యి వేసి. "ఇల్లు ఎక్కడుందో అదైనా కచ్చితంగా తెలుసా?"

"తెలుసు. గేటు మీద తెల్లరంగుతో నంబరు కూడా ఉంది."

"ఉండనివ్వండి. దాన్ని మాత్రం ఎవరినీ చెరపనివ్వకండి."